అల్లుడితో పంపిన మూట

పశువుల దవాఖానాలో పనిచేసే రమణ, మోపెడ్‌కు స్టాండు కూడా వెయ్యకముందే అడిగాడు: "జంపక్కా, రామారావు గారి ఎద్దు ఏది?"

జంపక్కకు నవ్వొచ్చింది. ఎద్దు చచ్చి అప్పటికి నాలుగో పొద్దు. ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట పాతిక గడపల కోయగూడెం వాళ్ళది. సగం ఎద్దు ఆ పూటే అందరి కడుపుల్లోకి పోయింది. మిగిలిన సగం తునకలు తునకలుగా ఇంటింటా పొయ్యి పైన దండేలకు వేలాడుతూ ఎండుతోంది.

"ఇప్పుడా వచ్చేది సారూ," అంది చేటలోని కందులు చెరుగుతూనే. "మొన్న వస్తే నీకు గూడ ఇంత కూర పెడుదుం గద."

రమణ నవ్వలేదు. అతని మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. మోపెడ్‌ను వేపచెట్టుకు ఆనించి, అక్కడే మట్టిలో గొంతుకూర్చున్నాడు.

"కోసిండ్రా? తిన్నరా?"

"తినక?"

"పూడ్చమని చెప్పిన జంపక్కా! గొయ్యి తీసి, సున్నం పోసి, పూడ్చమని ఆ రామారావుకు చెవిలో ఇల్లు కట్టుకొని చెప్పిన. ఇంకో ఎద్దు పడితే దాని మీద కత్తి పెట్టొద్దని చెప్పిన."

సంగతి అప్పుడు చెప్పాడు రమణ. అంతకు పదిరోజుల ముందే వెంకటరామారావు పొలంలో ఒక ఎద్దు నాగలి కాడి కిందే కూలబడి చచ్చింది. ముక్కులోంచి నల్లటి నెత్తురు కారింది. ఎంతసేపటికీ గడ్డకట్టలేదు. రమణకు అనుమానం వచ్చి, చెవి దగ్గర నెత్తురు గాజుపలకల మీద పట్టి ఖమ్మం పంపాడు. దాన్ని దగ్గరుండి పూడ్పించాడు. ఆ పొద్దున్నే ఖమ్మం నుంచి కబురొచ్చింది, దొమ్మరోగమని. ఆ కబురు వచ్చేలోపే రెండో ఎద్దు పడింది. తొలకరి పడి, విత్తనం వేసే అదను ముంచుకొస్తుంటే, కూలీలను పెట్టి గొయ్యి తవ్వించడానికి రామారావుకు మనసొప్పలేదు. గూడేనికి కబురు పెట్టాడు. "కాలు జారి పడింది, మెడ విరిగింది. మట్టిపాలు చెయ్యడం దేనికి, మీరు తీసుకెళ్ళండి," అన్నాడు. కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా అక్కడే భూములు కొని సేద్యం చేస్తున్న మనిషి. గూడెంలో సగం మందికి పని అతని చేలల్లోనే. ఆయన మాటను గూడెం ఎన్నడూ అనుమానించలేదు.

"దొమ్మ అంటే పశువులకు వచ్చేది గద సారూ," అంది జంపక్క. ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

"మనుషులకు గూడ వస్తది. కోసినోళ్ళకు తోలు మీద లేస్తది, తిన్నోళ్ళకు కడుపుల లేస్తది. భద్రయ్య ఏడి?"

భద్రయ్య జంపక్క పెనిమిటి. ఒళ్ళు వెచ్చగా ఉందని లోపల దుప్పటి కప్పుకొని పడుకున్నాడు. ఎద్దును చీల్చింది అతనూ, పక్కింటి ఎర్రయ్యా. రమణ పిలిస్తే బయటికి వచ్చాడు. రమణ అతని కుడిచెయ్యి వెలుగులోకి తిప్పి చూశాడు. మోచేతి కింద రేగిపండంత బొబ్బ. దాని నడుమ బొగ్గు పెట్టినట్టు నల్లగా ఉంది. చుట్టూ చెయ్యి ఉబ్బి నున్నగా మెరుస్తోంది.

"ఏదో పురుగు ముట్టింది సారూ. నొప్పి గిట్ల ఏం లేదు," అన్నాడు భద్రయ్య.

"నొప్పి లేకపోవుడే దాని గుర్తు భద్రయ్యా," అన్నాడు రమణ. ఆ మాట అతను మెల్లగానే అన్నాడు గానీ జంపక్కకు చెవుల్లో గింగురుమంది. ఎర్రయ్య తెల్లవారుజాము నుంచి వాంతులు చేసుకుంటున్నాడన్న సంగతి గూడెమంతా ఎరుగును. ఇప్పసారా పడలేదని నవ్వుకున్నారు.

ఒక్క గడియలో గూడెం మారిపోయింది. ముసలీ ముతకా, పిల్లా జెల్లా వేపచెట్టు కింద చేరారు. చేత్తో ముట్టకుండా కర్రలతో దండేలు దింపమన్నాడు రమణ. ఉడకబెడితే పురుగు చావదా అని ఎవరో అడిగారు.

"ఉడికినా గ్యారంటీ లేదు, ఎండితే అసలే చావదు. మట్టిలో ఏండ్లకేండ్లు బతికే ఉంటది," అన్నాడు. "ఒక్క తునక ఎక్కడా మిగలొద్దు. కుక్కలకు గూడ వెయ్యొద్దు."

జంపక్క తమ దండెం కర్రతో దింపింది. రమణ దాని వంక చూశాడు. సగం దండెం బోసిగా ఉంది.

"ఇక్కడియి తిన్నరా?"

అప్పుడు గుర్తొచ్చింది జంపక్కకు. గుర్తు రావడం కూడా కాదు, తెలిసిందే. ఇప్పటిదాకా మొగుడి చెయ్యి కళ్ళకు అడ్డం నిలిచింది.

అల్లుడు చిరంజీవి ఇల్లు కప్పడానికి సాయం వచ్చి, ఆ కోడికూతకే తిరుగు ప్రయాణమయ్యాడు. కూతురు కళావతి గోదావరి అవతల, చర్ల దారిలో, వాగు దాటి అడవిలోకి పోయే బండగుంపులో ఉంటుంది. మొదటి కాన్పు. పాలు సరిగ్గా పడటం లేదని అల్లుడు చెప్పాడు. ఎండు తునకల పులుసు తాగితే బాలింతకు పాలు పడతాయని, కొవ్వు లేనివీ మంచివీ తన చేత్తోనే ఏరి, అడ్డాకుల్లో చుట్టి, తువ్వాలలో మూటకట్టి ఇచ్చింది జంపక్క.

"పొద్దుగాల పంపిన," అంది. "మా పిల్లకు."

రమణకు అర్థమై తల పట్టుకున్నాడు. బండగుంపులో ఫోను లేదు. చర్ల స్టేషన్‌కు ఫోన్ చేయిస్తానన్నాడు. చెప్తూనే మాట మింగేశాడు. ఆ రోజుల్లో నక్సలైట్ల భయానికి పోలీసులు పదిమంది కూడితే గాని వాగు దాటి అడవిలోకి అడుగు పెట్టరు. కూర వండుకోవద్దని చెప్పడానికి ఎవరు పోతారు?

"జీపు పిలిపిస్త. భద్రయ్యను, ఎర్రయ్యను ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకపోవాలె. నువ్వు గూడ ఎక్కాలె జంపక్కా, నువ్వు గూడ కోసినవ్."

జంపక్క మొగుడి వంక చూసింది. భద్రయ్య అరుగు మీద కూర్చుని, తన చెయ్యి తనది కానట్టు చూసుకుంటున్నాడు.

"నేనేడికి పోత?" అన్నాడు తల ఎత్తకుండానే. "దవాఖానాల మంచం మీదనే ఉంట. నువ్వు పిల్ల కాడికి పో. జల్దీ పో."

కొత్తగూడెం పోయే బస్సు కిక్కిరిసి ఉంది. నిలబడ్డ చోటు నుంచి కదల్లేక కడ్డీ పట్టుకుంది జంపక్క. పట్టుకున్నాక భయమేసింది. ఈ చేతులతోనే కదా తునకలు కోసింది, ఈ చేతులతోనే కదా మూట కట్టింది. రమణ చెప్పినట్టు సబ్బుతో రుద్దీ రుద్దీ కడుక్కుంది. అయినా కడ్డీ వదిలేసి, చేతులు కొంగులో దాచుకుని, బస్సు ఊగినప్పుడల్లా పక్కవాళ్ళ మీదికి పోతూ నిలబడింది.

జూలూరుపాడు దగ్గర ఒకామె దిగబోతూ సీటు చూపించింది. కూర్చుంటే, పక్కన నిలబడ్డ ఒక తల్లి నవ్వి, "పిలగాణ్ణి జర ఒళ్ళె కూర్చోబెట్టుకో అక్కా," అంటూ ఏడాది పిల్లవాణ్ణి అందించింది. జంపక్క పాము మీద పడ్డట్టు వెనక్కి జరిగింది.

"వద్దు! నా ఒళ్ళెకు వద్దు!"

ఆ తల్లి మొహం చిన్నబోయింది. "మేమేమన్న అంటరానోళ్ళమా," అని గొణుక్కుంది. జంపక్కకు ఏడుపొచ్చింది. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే నడిబాటలో దింపేస్తారేమో. దింపేస్తే మూటను ఎప్పుడు అందుకోవడం? లేచి ఆ సీటు ఆమెకే ఇచ్చి, మళ్ళీ నిలబడింది.

కొత్తగూడెంలో భద్రాచలం బస్సు అప్పుడే కదిలిపోయిందన్నారు. ఇంకో బస్సు కోసం స్టాండులో ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగింది. మనసులో అల్లుడు ఆమె కంటే ముందు నడుస్తున్నాడు. ఇప్పుడు వంతెన దాటి ఉంటాడు. ఇప్పుడు చర్ల బస్సు ఎక్కి ఉంటాడు. ఇప్పుడు వాగు ఒడ్డున కాళ్ళు కడుక్కుంటూ ఉంటాడు. ఆ మూట ఎంత బరువుందో ఆమె చేతికి తెలుసు. ఆ బరువు ఇంకా చేతిలోనే ఉన్నట్టుంది.

భద్రాచలం చేరేసరికి పొద్దు వాలింది. చర్ల దారిలో క్యాంపు దగ్గర బస్సు ఆపారు. తుపాకులు భుజాన వేసుకున్న జవాన్లు ఎక్కి ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. జంపక్క వణుకుతోంది. వణికే మనిషి దగ్గరే ఆగాడు పోలీసు.

"ఎక్కడికి? చేతిలో సంచి కూడా లేదేంటి?"

"బండగుంపు. మా పిల్ల కాడికి సారూ."

"బండగుంపా? అంత అడవిలోకి ఈ వేళప్పుడు ఏం పని? ఎవరు పంపారు?"

"ఎవరు పంపలే సారూ. రోగం. మా ఊళ్ళె ఎద్దు రోగంతోని చచ్చింది. దాని కూర మా పిల్లకు పోయింది. తింటే చస్తది సారూ, నన్ను పోనియ్యి."

అతను ఆమెను కిందికీ మీదికీ చూశాడు. ఆమె కొంగులోంచి బయటపడ్డ చేతుల వంక చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. డ్రైవర్‌తో "పోనియ్" అన్నాడు. బస్సులో మిగతావాళ్ళు ఆమెకు దూరంగా జరిగారు. అప్పుడు చూసుకుంది తన చేతులు. ఎడమచేతి చూపుడువేలు మీద, కణుపు పక్కన, దోమ కుట్టినంత పొక్కు. పొద్దున్నుంచీ జిల పెడుతూనే ఉంది. చూడాలంటే భయమేసి చూడలేదు. వెంటనే మళ్ళీ కొంగు కప్పేసింది, కప్పితే లేకుండా పోతుందన్నట్టు.

రోడ్డు మీద దిగి అడవిలోకి నడిచింది. పై కొండల్లో వాన పడ్డట్టుంది, వాగు ఎర్రగా పారుతోంది. ఇంకోరోజైతే ఒడ్డున కూర్చుని తగ్గేదాకా చూసేది. ఆ రోజు దిగింది. నీళ్ళు మోకాళ్ళు దాటి, నడుం దాటి, రొమ్ముల దాకా వచ్చాయి. నడుమ ఒకచోట కాలు తేలింది. పడిగెరాపుకీ గామంతల్లికీ మొక్కింది, తనను దాటించమని కాదు, పొయ్యి రాజుకోకుండా చూడమని. అవతలి ఒడ్డున తుంగవేళ్ళు పట్టుకుని పైకి పాకింది.

చెట్ల సందున బండగుంపు కనిపించింది. దీపాలు పెట్టే వేళ. కూతురి ఇంటి కప్పు మీద పొగ లేస్తోంది. ఆ పొగను చూడగానే జంపక్క పరుగెత్తింది.

వాకిట్లో వియ్యపురాలు ముత్యాలు మేకపిల్లను గుంజకు కట్టేస్తోంది. తడిసి ముద్దయి వచ్చిన మనిషిని చూసి నోరు తెరిచింది.

"ఏంది వదినె, చెప్పక చెయ్యక వస్తివి? పొద్దున్నే గద అల్లుణ్ణి పంపినవ్?"

"మూట ఏది?"

"కాళ్ళకు నీళ్ళన్న తీస్కో ముందు..."

"మూట ఏది వదినె!"

"పొయ్యి మీదుంది. వాసన తగులుతలేదా?"

జంపక్క లోపలికి దూసుకుపోయింది. కళావతి పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఒళ్ళో నెలల పసికందు రొమ్ము కరుచుకుని పాలు తాగుతోంది. ఒకచేతిలో గరిటె. కుండ తుకతుక ఉడుకుతోంది. తర్వాత ఏం చేసిందో జంపక్కకు తెలియదు. కుండ పొయ్యి మీద నుంచి దొర్లి పగిలింది. పులుసు నిప్పుల మీద పడి చుయ్యిమంది. బూడిద లేచింది. కళావతి కేకపెట్టింది, పిల్ల గుక్కపట్టింది. జంపక్క పాదం మీద బొబ్బలెక్కినా ఆ మంట ఆమెకు తెల్లారాక గాని తెలియలేదు.

"ఎవరన్న తిన్నరా?" అంది.

"ఏందమ్మా ఇది? ఏమైంది నీకు?"

"తిన్నరా అని అడుగుతున్న!"

"లే... ఇంక ఉడకనే లేదు." కళావతి పిల్లను గుండెకు హత్తుకుంది. తల్లి మొహం చూసి ఆమెకూ భయం పుట్టింది. "ఉప్పు చూసిన."

"ఎంత?"

"గరిటె కొసకు. నాలిక మీదికి."

గరిటె కొస. నాలుక. రొమ్ము. పసిదాని పెదవులు. జంపక్క కళ్ళు ఆ నాలుగింటి మీదా ఒకదాని తర్వాత ఒకటి తిరిగి, పిల్ల పెదవుల మీద తడి దగ్గర ఆగిపోయాయి.

ముత్యాలు గుమ్మంలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టి అరుస్తోంది. ఇంటికొచ్చి కూరకుండ తన్నడమేమిటని, దయ్యం పట్టిందా అని. పంపింది ఎక్కువైందని ఏడ్చి తిరిగి పట్టుకుపోవడానికి వచ్చిందా అని కూడా అంది. ఇరుగుపొరుగు చేరారు. కల్లుకుండతో చిరంజీవి వచ్చాడు. జంపక్క కోయభాషలో, తెలుగులో, ఏది నోటికొస్తే దాంట్లో చెప్పింది. రమణ మాట, భద్రయ్య చెయ్యి, ఎర్రయ్య వాంతులు.

చిరంజీవి నవ్వడానికి ప్రయత్నించాడు. "మీ ఇంట్ల నేను గూడ తింటిని గద అత్తా. దార్ల రెండు తునకలు కాల్చుకొని గూడ తింటి. బాగనే ఉన్న."

"నేను గూడ బాగనే ఉన్న అనుకున్న పొద్దుగాల దాక," అంది జంపక్క. పొయ్యి వెలుగులో ఎడమచెయ్యి చాపింది. పొక్కు ఇప్పుడు పొక్కుగా లేదు. చుట్టూ చిన్న చిన్న నీటిబుడగలు లేచి, నడుమ గుంటపడింది. ఆ గుంటలో నలుపు మొదలైంది.

ముత్యాలు నోరు మూతపడింది. వియ్యపురాలి వేలు వంక చూసింది, మనవరాలి వంక చూసింది. ఇంకేదో గుర్తొచ్చి గుండె మీద కొట్టుకుంది.

"రెండిండ్లకు పంచిన వదినె. మా బావ ఇంటికి, ఆ కొసనున్న ముసలాయనకు. బాలింత ఇంటికి వచ్చిన కూర గద, నలుగురికి పెడితే మంచిదని..."

"అడిగి తేవాలె."

"పెట్టిన చెయ్యితోని మళ్ళ అడుక్కోవాల్నా?" అంది ముత్యాలు. అంది గాని, ఆ మాట పూర్తి కాకముందే గంప అందుకుంది.

బావగారి ఇంట్లో దొరికింది. ఇంకా ఆకు విప్పలేదు. కొసనున్న ముసలాయన మాత్రం ఇవ్వనన్నాడు. తాతల నాటి నుంచి చచ్చిన గొడ్డును తిన్నామని, ఎవరూ చావలేదని, ఇప్పుడు ఫారెస్టోళ్ళు వద్దన్నది కొట్టకూడదు, డాక్టరు వద్దన్నది తినకూడదు, మరి ఏం తిని బతకాలని అడిగాడు. అందులో అబద్ధమేమీ లేదు. ముత్యాలు అతని గడపలో అడ్డంగా కూర్చుంది.

"నీ కాళ్ళు మొక్కుత మామా. నువ్వు తిను, చావు, నీ ఇష్టం. నీ మనవడు పక్కన గూసున్నడు చూడు, వాని చేతిల పెట్టకుండ తింటవా?"

ముసలాయన మనవడి వంక చూశాడు. తర్వాత ఆకుపొట్లాన్ని కాలితో ఆమె వైపు నెట్టాడు.

తిరిగొచ్చేసరికి పొయ్యి ముందు కుక్క ఒకటి ఒలికిన పులుసు నాకుతోంది. చిరంజీవి దాన్ని రాయి విసిరి తరిమి, అక్కడి మట్టంతా పారతో గీకి ఎత్తాడు. ఊరి బయట లోతుగా గొయ్యి తీశారు. సున్నం ఎక్కడిది? బూడిద పోసి, మట్టి కప్పి, పైన బండలూ ముళ్ళకంపా వేశారు.

ఆ రాత్రి జంపక్క కూతుర్ని ముట్టుకోలేదు, పిల్లను ఎత్తుకోలేదు. గుంజకు ఆనుకుని దూరంగా కూర్చుని చూస్తూ ఉండిపోయింది. పిల్ల ఎక్కిళ్ళు పెడితే ఉలిక్కిపడింది. నిద్రలో కదలకపోతే అంతకంటే ఎక్కువ ఉలిక్కిపడింది. తెల్లారాక అందరూ వాగు దాటి చర్ల దవాఖానాకు నడిచారు. రమణ చేయించిన ఫోను పోలీసుల దగ్గర ఆగలేదు, దవాఖానా దాకా పోయింది. అక్కడ గోళీలు సిద్ధంగా ఉన్నాయి. జంపక్కకు సూదిమందు ఇచ్చి అక్కడే ఉంచుకున్నారు. కళావతికి గోళీలిచ్చి, జ్వరం గాని వాంతి గాని వస్తే క్షణం ఆగకుండా రమ్మన్నారు. నర్సులు రోజూ బండగుంపుకు పోయి వచ్చేవారు. వాళ్ళు గేటు దగ్గర కనిపించినప్పుడల్లా జంపక్క మంచం మీద లేచి కూర్చుని, వాళ్ళు నోరు విప్పకముందే మొహాల్లో వెతికేది. చిరంజీవికి ఒకరోజు కడుపునొప్పి వచ్చిందన్నారు. తగ్గిందన్నారు. కళావతికి ఏమీ కాలేదు. పిల్ల బాగానే పాలు తాగుతోంది. అయినా జంపక్కకు నమ్మబుద్ధి కాలేదు.

దవాఖానా ఫోన్‌లో రమణతో మాట్లాడించారు. భద్రయ్య చెయ్యి భుజం దాకా వాచిందట, ప్రాణానికి భయం లేదట.

"ఎర్రయ్య?" అని అడిగింది జంపక్క.

"ఖమ్మం తీసుకపోయిన పూటనే పాయె," అన్నాడు రమణ.

ఆమె గూడేనికి తిరిగొచ్చేసరికి బడి వరండాలో డాక్టర్ల క్యాంపు ఇంకా నడుస్తోంది. సంతలో మాంసం అమ్మకూడదని దండోరా వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ పశువులన్నిటికీ సూదులు వేస్తున్నారు. ఎద్దును కోసిన చోట నేలను కాల్చి సున్నం చల్లారు. ఖమ్మం నుంచి వచ్చిన డాక్టరమ్మ ప్రమీలారాణి బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కరినీ పిలుస్తోంది. ఎద్దు ఎట్లా వచ్చిందని అడిగితే గూడెం నోరు మెదపలేదు. రేపు పనికి పిలవాల్సింది ఆ మనిషే. రామారావు అంతకుముందే చెప్పేశాడు, పూడ్చమని తన జీతగాడికి చెప్పానని, ఈ గూడెంవాళ్ళు తనకు తెలియకుండా తవ్వి తీసుకుపోయారని, చచ్చిన ఎద్దు మొహం తను చూడనే లేదని.

అయినా రామారావు రోజూ వస్తున్నాడట. వరండా కింద నిలబడి, పశువుల సూదుల గురించి అదీ ఇదీ అడిగి పోతున్నాడట. ఆ రోజూ వచ్చాడు. ఉక్కపోతలో పూర్తి చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని. గోళీలు ఇస్తున్న బల్ల వంక చూస్తున్నాడు, చూపు తిప్పుకుంటున్నాడు. జంపక్క వంతు వచ్చి వేలికట్టు విప్పి చూపిస్తుంటే, మెల్లగా ఆమె పక్కకు వచ్చాడు.

"ఏమ్మా జంపక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "ముందు ఎట్లా కనపడింది అది? దురద పెట్టిందా? ఎన్నాళ్ళకి?"

ఆమె అతని మొహం చూసింది. ఆ మొహం ఆమెకు తెలుసు. బస్సులో, వాగులో, చర్ల మంచం మీద తను మోసిన మొహమే అది. ఎర్రయ్య గుర్తొచ్చాడు. నీ చావు నువ్వు చావు అని మనసులో అనుకుంది, నిజంగానే అనుకుంది. మరి ఎందుకు నోరు తెరిచిందో ఆమెకే తెలియదు.

"అమ్మా డాక్టరమ్మా," అంది గట్టిగా. "అయ్యకు గూడ గోళీలియ్యాలె. ఎద్దును బండి ఎక్కించేటప్పుడు తలకాయ పట్టి లేపింది అయ్యనే. ముక్కు కాడి నెత్తురు చేతికంటితే గడ్డికి తుడుసుకుండు. నేను చూసిన. ఆయనే పిలిచి ఇచ్చిండు."

రమణ రాస్తున్న కలం ఆపాడు. ప్రమీలారాణి రామారావు వంక చూసి, "ముట్టుకున్నారా, లేదా? లేదంటే మందు అక్కర్లేదు," అంది. అతను కోపంగా జంపక్క మీదికి వేలు ఎత్తబోయాడు. ఎత్తిన చేతిని తనే చూసుకున్నాడు. నుదుటి మీది చెమట కంట్లోకి దిగింది. చొక్కా గుండీ విప్పుకుని చెయ్యి చాపాడు. దాని మీద ఎర్రటి దద్దురొకటి ఉంది. అది దొమ్మ కాదు, చెమటకాయ. అయినా అతనికి గోళీలిచ్చారు. ఎద్దును తనే పిలిచి ఇచ్చానని అతను చెప్పింది రమణ రాసుకున్నాడు, సంతకం తీసుకున్నాడు. కేసయిందన్నారు. అది ఏ కొసకు తేలిందో గూడెంలో ఎవరికీ తెలియదు.

రామారావు ఆ ఏడు గూడెంవాళ్ళను పనికి పిలవలేదు. భద్రయ్య కుడిచెయ్యి పిడికిలి సరిగ్గా ముడుచుకోవడం లేదు. మిరపకోతలకు గూడెం బోనకల్ వైపు పోయింది. చేను గట్టున గుడిసెలు వేసుకున్నారు. ఎర్రయ్య పెళ్ళాం రుక్మిణి కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం సద్దులు విప్పుకున్నప్పుడు, ఆమె జంపక్క వంక చూడకుండానే అంది:

"ఆ పొద్దు నువ్వు మీ పిల్ల కాడికి ఉరికినవ్. కుండ తన్నినవ్. మా ఇంట్ల కుండ తన్నేటోళ్ళు ఎవరూ లేకపాయె వదినె."

జంపక్క లేచి, తన సద్దిగిన్నె తీసుకుని, రుక్మిణి పక్కకు వచ్చి కూర్చుంది. ఇద్దరూ కలిసి తిన్నారు. తర్వాత కోతకు లేచారు.